బొగ్గు పొర, షేల్ గ్యాస్ బావుల్లో వెల్ టెస్టింగ్, ఫ్రాక్ ప్రెషర్ విశ్లేషణ: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి వైపు మైనింగ్ డిప్లొమానో జియాలజీనో చదివి గ్యాస్ బావుల పనికి పోతున్నవాళ్ళు, వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతూ ప్రాజెక్టుకు ఈ అంశం తీసుకున్నవాళ్ళు అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. అందుకే ఈ పేజీ. వెల్ టెస్టింగ్ అంటే బావిలో నీళ్ళు ఎక్కించి ఆపి, ప్రెషర్ ఎలా మారుతుందో చూసి పొర గుణం తెలుసుకోవడం. ఫ్రాక్ అంటే ప్రెషర్‌తో రాయిలో పగులు తెరవడం. షేల్ అంటే సన్న పొరల బంకరాయి. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి కావలసిన చోట నుంచే చదువుకోవచ్చు. ఉదాహరణల్లోని అంకెలు లెక్క చూపించడానికి వేసుకున్నవే, ఏ బావి రికార్డు నుంచీ తీసినవి కావు.

## మొదలుపెట్టక ముందు

మన గోదావరి లోయ బొగ్గుల గ్యాస్ తక్కువ అంటరు గదా, ఈ టెస్టులు ఇక్కడ ఎందుకు?

తక్కువన్న మాట ఎక్కువగా గనులకు గ్యాస్‌ను బట్టి ఇచ్చే డిగ్రీ నుంచి వచ్చింది. సింగరేణి భూగర్భ గనులు చాలావరకు మొదటి డిగ్రీవే. అంటే టన్ను బొగ్గుకు వెలువడే మండే వాయువు ఒక ఘనపు మీటరు లోపే. అయితే ఆ కొలత గని గాలిలో తీసేది, తవ్వుతున్న లోతుకు సంబంధించినది. అంతకన్నా లోతున ఉన్న బరాకర్ (బొగ్గు ఉండే పాత రాతి వరస) పొరల్లో ఎంత గ్యాస్ ఉందో అది చెప్పదు. పైగా గ్యాస్ శాతం ఒక్కటే బావి భవిష్యత్తును తేల్చదు. అమెరికాలోని పౌడర్ రివర్ బేసిన్‌లో టన్నుకు గ్యాస్ తక్కువే. పొరలు మందం, పారగమ్యత (రాయి గుండా ద్రవం పారే తేలిక) ఎక్కువ కాబట్టి అక్కడ వేల బావులు నడిచాయి. మన దేశంలో బొగ్గు పొర గ్యాస్ వ్యాపారంగా నడిచింది రాణిగంజ్, సోహాగ్‌పూర్ లాంటి చోట్ల, తెలంగాణలో కాదు. ఇక్కడ ఏ పొర పనికొస్తుందో తేలాలంటే ముందు పారగమ్యత, పొర ప్రెషర్, పగులు మూసుకునే ప్రెషర్ తెలియాలి. ఆ మూడూ టెస్టుతోనే వస్తాయి.

ఊర్ల బోరుకు హైడ్రోఫ్రాక్చరింగ్ చేస్తరు గదా, ఇది అదేనా?

సూత్రం ఒకటే, ఉద్దేశం వేరు. వరంగల్ చుట్టుపక్కల గ్రానైట్‌లో ఎండిన బోరుకు ప్యాకర్ (బోరును అడ్డంగా మూసే రబ్బరు బిరడా) బిగించి నీళ్ళు ఎక్కించేది, ఉన్న పగుళ్ళలోని మట్టి తోసి వాటిని ఒకదానికొకటి కలపడానికి. నీళ్ళు వచ్చాయంటే పని అయిపోయింది, ప్రెషర్ రికార్డు ఎవరూ చూడరు. గ్యాస్ బావిలో చేసే డయాగ్నస్టిక్ టెస్టులో రికార్డే సరుకు. చిన్న పగులు తెరిచి, పంపు ఆపి, ప్రెషర్ ఎలా తగ్గుతుందో గంటల నుంచి రోజుల దాకా చూస్తాం. దీన్నే డీఫిట్ (DFIT, డయాగ్నస్టిక్ ఫ్రాక్చర్ ఇంజెక్షన్ టెస్ట్) అనీ, మినీఫ్రాక్ అనీ అంటారు. ఇసుక ఎక్కించే పెద్ద ఫ్రాక్ దీని తర్వాత వస్తుంది.

స్లగ్ టెస్ట్, ఇంజెక్షన్ ఫాలాఫ్, డీఫిట్: ఏది చేయాలె?

పొర ప్రెషర్ తక్కువగా ఉండి, పారగమ్యత కొన్ని మిల్లీడార్సీలు (పారగమ్యత కొలిచే యూనిట్) దాటితే స్లగ్ టెస్ట్ చౌక: ట్యూబింగ్‌లో నీటి మట్టాన్ని ఒక్కసారిగా పెంచి అది దిగడం కొలుస్తారు. కాకపోతే బావి గోడ దగ్గర కొద్ది మేరనే చూస్తుంది. డ్రిల్లింగ్ మడ్డి క్లీట్లలో (బొగ్గులో సహజంగా ఉండే సన్న పగుళ్ళలో) దూరి ఉంటే ఆ మడ్డినే కొలిచినట్టవుతుంది.

ఇంజెక్షన్ ఫాలాఫ్‌లో నిమిషానికి కొన్ని లీటర్ల చొప్పున గంటల తరబడి, పగులు తెరుచుకోని ప్రెషర్‌లోనే నీళ్ళు ఎక్కించి, తర్వాత ఆపి తగ్గుదల చూస్తారు. నీళ్ళతో నిండిన బొగ్గు పొరకు పారగమ్యత కావాలంటే మా ఓటు దీనికే.

పారగమ్యత మిల్లీడార్సీలో వందో వంతుకూ, షేల్‌లోలా నానోడార్సీలకూ (మిల్లీడార్సీలో పది లక్షల వంతు) పడిపోతే పగులు తెరవకుండా పొర నీళ్ళు తీసుకోదు. అక్కడ డీఫిట్ ఒక్కటే దారి. బొగ్గులో కూడా పెద్ద ఫ్రాక్ ప్లాన్ ఉంటే ఫాలాఫ్ ముగిశాక డీఫిట్ చేయడం మంచిది. వరస తిప్పితే, తెరిచిన పగులు తర్వాతి ఫాలాఫ్‌ను చెడగొడుతుంది.

షేల్ బావికి మామూలు బిల్డప్ టెస్ట్ ఎందుకు పెట్టరు?

బిల్డప్ టెస్ట్ అంటే నడుస్తున్న బావిని మూసి ప్రెషర్ పెరగడం చూడటం. షేల్‌లో అది పెడితే నెలలూ ఏళ్ళూ ఆగాలి. నానోడార్సీ రాయిలో రేడియల్ ప్రవాహం (బావి చుట్టూ అన్ని వైపులా సమంగా పారడం) బావి జీవితకాలంలో కూడా కనబడకపోవచ్చు. బదులుగా ఉత్పత్తి లెక్కలనే టెస్టుగా వాడతారు: ప్రెషర్ తగ్గుదలను రేటుతో భాగించి, కాలపు వర్గమూలం మీద గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ వాలు నుంచి వచ్చేది పగుళ్ళ వైశాల్యం, పారగమ్యత వర్గమూలం, ఈ రెండింటి లబ్ధం మాత్రమే. రెండింటినీ విడదీయాలంటే పారగమ్యత వేరే దారిలో తెలియాలి. డీఫిట్ విలువ తెచ్చేది అదే.

## బావి మీద ఏర్పాట్లు

గేజ్ ఎక్కడ పెట్టాలె? పంపు ట్రక్కు మీద ఉన్నది సరిపోదా?

సరిపోదు. పాడైన టెస్టుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పోతాయి, గ్రాఫుల దాకా రావు. పంపు ఆపగానే వెల్‌హెడ్ వాల్వు మూసి ట్రక్కు లైను విప్పేస్తారు. గేజ్ ఆ వాల్వుకు బావి వైపు లేకపోతే ఆ క్షణం నుంచి రికార్డు లేనట్టే. ట్రక్కు వైపు ఉంచి లైను విప్పకుండా వదిలేస్తే, ఏ యూనియన్ (పైపుల జోడు) కారినా అది పొరలో నీళ్ళు ఇంకినట్టే కనబడుతుంది.

క్వార్ట్జ్ గేజ్, 0.01 పీఎస్ఐ రిజల్యూషన్, మొదటి గంటల్లో సెకనుకు ఒక రీడింగ్. డెరివేటివ్ (ప్రెషర్ మారే వేగం) తీసినప్పుడు చిన్న గోల కూడా పెద్దదవుతుంది కాబట్టి ఇందులో రాజీ పడొద్దు. వీలుంటే రెండు గేజ్‌లు, ఒకటి అడుగున.

ఎండాకాలం రికార్డులో రోజూ మధ్యాహ్నం ప్రెషర్ పైకి లేస్తుంది, ఎందుకు?

ఎండ. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీల ఎండ కింద వెల్‌హెడ్ ఇనుము, గేజ్ లైనులో ఇరుక్కున్న నీళ్ళు, సెన్సర్ మూడూ వేడెక్కుతాయి. 24 గంటల అలలా కనబడితే, అడుగు గేజ్‌లో లేకపోతే, కారణం అదే. గేజ్‌కు, వెల్‌హెడ్‌కు గోనెసంచులో ఇన్సులేషనో చుట్టి నీడ కట్టండి. లైనులో గాలి బుడగ మిగలకుండా బ్లీడ్ చేయండి.

అల సుమారు 12.4 గంటలకు ఒకసారి వస్తూ అడుగు గేజ్‌లో కూడా ఉంటే అది చంద్రుడి ఆకర్షణకు భూమి సాగడం వల్ల. అది తప్పు కాదు. పొర ప్రెషర్‌తో బావి బాగా కలిసి ఉందనడానికి మంచి గుర్తు.

నీళ్ళు ఏవి వాడాలె? గని నుంచి వచ్చేవి ఊరికే దొరుకుతయి గదా?

ఊరికే దొరికినవి బావికి ఖరీదైతాయి. గని నీళ్ళలో తేలే బొగ్గు పొడి క్లీట్లను మూసేస్తుంది. వడకట్టిన శుభ్రమైన నీళ్ళలో 2 శాతం పొటాషియం క్లోరైడ్ కలపండి, ఘనపు మీటరుకు సుమారు 20 కిలోలు. బంకమట్టి ఉబ్బకుండా ఆపేది అదే. జెల్ వద్దు, ఇసుక వద్దు. జెల్ పగులు గోడకు పొరలా పట్టి, ఇంకుడును మార్చేస్తుంది. అప్పుడు మీరు కొలిచేది రాతి గుణం కాదు, జెల్ గుణం.

పంపు లైను విషయంలో జాగ్రత్త ఏంది?

పంపు చేయబోయే గరిష్ఠ ప్రెషర్‌కు మించి ముందే లైను టెస్ట్ చేయాలి. ప్రెషర్ ఉన్న యూనియన్ మీద సుత్తి వేయొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, రెండు అంగుళాల హ్యామర్ యూనియన్లలో 602, 1502 ఫిగర్లు (ప్రెషర్ రేటింగ్‌ను బట్టి ఉండే రకాలు) కలిపితే బిగిసినట్టే కనబడతాయి, ప్రెషర్ పెట్టాక ఊడి ఎగురుతాయి. ఈ రకం ప్రమాదాల్లో మనుషులు పోయారు. రంగు చూసి కాదు, మీద కొట్టిన అంకె చూసి బిగించండి.

## పంపింగ్

ఎన్ని నీళ్ళు, ఎంత రేటు, ఎంత సేపు?

షేల్‌లో సాధారణంగా 3 నుంచి 15 ఘనపు మీటర్లు, నిమిషానికి 0.3 నుంచి 1.2 ఘనపు మీటర్లు. బొగ్గులో 1 నుంచి 3 ఘనపు మీటర్లు, నిమిషానికి 0.1 నుంచి 0.3 చాలు. పగులు తెరుచుకున్నాక 3 నుంచి 10 నిమిషాలు ఒకే రేటులో నడిపి, ఒక్కసారిగా ఆపాలి. రేటు నిలకడే ముఖ్యం, పరిమాణం కాదు. ఎక్కువ పోస్తే మంచి డేటా వస్తుందన్నది భ్రమ: పగులు పెద్దదైన కొద్దీ మూసుకోవడానికి పట్టే సమయం పెరుగుతుంది, రెండు రోజుల టెస్ట్ రెండు వారాలకు పోతుంది. మధ్యలో రేటు మారితే, పంపు సమయం బదులు మొత్తం పరిమాణాన్ని చివరి రేటుతో భాగించి వచ్చిన సమయాన్ని లెక్కలో వాడండి.

బ్రేక్‌డౌన్ శిఖరం కనబడలేదు. పగులు పడలేదా?

బ్రేక్‌డౌన్ శిఖరం అంటే రాయి చీలే క్షణంలో ప్రెషర్ ఎక్కి పడే చోటు. బొగ్గులో అది కనబడకపోవడం మామూలే. క్లీట్లు ముందే ఉన్నాయి కాబట్టి కొత్తగా చీల్చాల్సిన పని ఉండదు, ప్రెషర్ ఎక్కి మెల్లగా చదునవుతుంది. పగులు పడిందో లేదో స్టెప్ రేట్ టెస్ట్ తేల్చుతుంది: ఒకే నిడివి గల 5 నుంచి 7 మెట్లలో రేటు పెంచుతూ, ప్రతి మెట్టు చివరి ప్రెషర్‌ను రేటు మీద గీయాలి. మొదటి రేఖ నిటారుగా, రెండోది వాలుగా వస్తుంది. అవి కలిసే చోట పగులు సాగే ప్రెషర్. ఒకటే రేఖ వస్తే పగులు తెరవలేదు, లేదా మొదటి మెట్టులోనే తెరుచుకుంది. ఆ రెండోది జరిగేది తొలి మెట్టు పెద్దగా పెట్టినప్పుడు.

శిఖరం మరీ ఎత్తుగా వస్తే సిమెంటు క్లీట్లలో దూరిందేమో, పర్ఫొరేషన్లు (పొర దగ్గర బావి పైపుకు వేసిన రంధ్రాలు) సరిగా తెరుచుకోలేదేమో చూడాలి.

పంపింగ్ ప్రెషర్ చాలా ఎక్కువ, ఆపగానే దబ్బున పడింది. ఏం అర్థం?

పైపులో, పర్ఫొరేషన్లలో, బావి దగ్గరి వంకర దారుల్లో ఘర్షణ. పొర గుణం కాదు. ఏది ఎంతో తెలియాలంటే ఆపేముందు రేటును నాలుగైదు మెట్లలో, ఒక్కో మెట్టు పది ఇరవై సెకన్లు ఉంచి దించండి. పర్ఫొరేషన్ ఘర్షణ రేటు వర్గానికి అనుపాతం, వంకర దారి ఘర్షణ సుమారుగా రేటు వర్గమూలానికి. మొదటిది ఎక్కువైతే అదనపు పర్ఫొరేషన్లు, రెండోది ఎక్కువైతే పెద్ద ఫ్రాక్‌లో చిక్కటి ద్రవమో, చిన్న చిన్న మోతాదుల్లో ఇసుక ముందే పంపడమో. అయితే మెట్లలో ఆపిన టెస్టులో ఆ తర్వాతి తగ్గుదల కొంత మసకబారుతుంది. పారగమ్యతే ప్రధానమైతే ఈ మెట్ల దించుడు (స్టెప్ డౌన్) మానేయండి.

## పంపు ఆపినంక

ఐఎస్‌ఐపీ ఏ పాయింట్ దగ్గర తీసుకోవాలె? గీత ఎగిరెగిరి పడుతుంది.

ఐఎస్‌ఐపీ (ISIP) అంటే పంపు ఆపిన క్షణంలోని ప్రెషర్. ఆ ఎగురుడు వాటర్ హ్యామర్, ప్రవాహం ఒక్కసారిగా ఆగినందుకు పైపులో పుట్టే ప్రెషర్ అలలు. అది సద్దుమణిగిన తర్వాతి మృదువైన భాగానికి గీత గీసి, పంపు ఆపిన క్షణం దాకా వెనక్కి పొడిగించండి. అలల్లో మొదటి పల్లం తీసుకుంటే విలువ తక్కువగా, శిఖరం తీసుకుంటే ఎక్కువగా వస్తుంది.

ఉదాహరణకు లోతు 600 మీటర్లు, పైన ఐఎస్‌ఐపీ 4.1 మెగాపాస్కల్ అనుకుందాం, అంటే సుమారు 42 కిలోలు చదరపు సెంటీమీటరుకు. మీటరుకు 9.8 కిలోపాస్కల్ చొప్పున నీటి బరువు 5.9. అడుగున 10.0 మెగాపాస్కల్. ఫ్రాక్ గ్రేడియెంట్ (ఆ ప్రెషర్‌ను లోతుతో భాగిస్తే వచ్చేది) మీటరుకు 16.7 కిలోపాస్కల్, అడుగుకు 0.74 పీఎస్ఐ. పై రాతి బరువు మీటరుకు 23 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది కాబట్టి నిలువు పగులు అనుకోవచ్చు. గ్రేడియెంట్ ఆ 23కు చేరినా దాటినా రెండు అనుమానాలు: పగులు అడ్డంగా పడింది, లేదా బావి గోడ దగ్గర దారి ఇరుకు.

పైన గేజ్ సున్నా చూపిస్తుంది. టెస్ట్ పోయినట్టేనా?

అడుగున గేజ్ ఉంటే పోలేదు. పొర ప్రెషర్ నీటి స్తంభం బరువుకన్నా తక్కువైతే బావి వ్యాక్యూమ్‌లోకి పోతుంది, నీటి మట్టం కిందికి దిగుతుంది. ఏళ్ళుగా గని నీళ్ళు తోడుతున్న చోట పై పొరల్లో ఇది సాధారణం. పైన గేజ్ ఒక్కటే ఉంటే సున్నా తర్వాతి డేటా చెత్తే. అడుగు గేజ్ ఉన్నా, దిగుతున్న మట్టం బావి నిల్వ గుణాన్ని (ప్రెషర్ మారితే బావి తనలో ఎన్ని నీళ్ళు పట్టుకుంటుందో దాన్ని) ఒక్కసారిగా మార్చేస్తుంది: గ్రాఫులో అక్కడ వంపు వస్తుంది, కొత్తవాళ్ళు దాన్నే పగులు మూసుకోవడం అనుకుంటారు. వంపు వచ్చిన ప్రెషర్ సరిగ్గా నీటి స్తంభం బరువుకు సమానమైతే అనుమానమే అక్కర్లేదు. ముందే తెలిస్తే అడుగున మూసే వాల్వు, ప్యాకర్ పెట్టుకోవడం మేలు.

ఎంత సేపు ఆగాలె? మేనేజర్ రిగ్ కదిలించమంటున్నడు.

పగులు మూసుకునే ప్రెషర్ మాత్రమే చాలనుకుంటే మూసుకున్న సమయానికి రెండు మూడు రెట్లు. పొర ప్రెషర్, పారగమ్యత కావాలంటే రేడియల్ ప్రవాహం కనబడేదాకా. మిల్లీడార్సీ బొగ్గులో ఒకటి రెండు రోజులు, షేల్‌లో వారం నుంచి రెండు వారాలు. షట్-ఇన్‌కు (బావి మూసి ఆగడానికి) రిగ్ అవసరం లేదు. వెల్‌హెడ్, గేజ్, తాళం వేసిన వాల్వు, ఒక వాచ్‌మన్ చాలు. మేనేజర్‌కు ఈ మాట పంపింగ్‌కు ముందే చెప్పుకుంటే గొడవ ఉండదు. మధ్యలో ఎవరూ వాల్వు తెరిచి 'చూసి' మూయకుండా కాపలా పెట్టండి, ఒక్క కప్పు నీళ్ళు కారినా చివరి డేటా పోయినట్టే.

## గ్రాఫుల దగ్గర

జి-ఫంక్షన్ అంటే ఏంది, పగులు మూసుకున్నది ఎట్ల గుర్తుపట్టాలె?

కెన్నెత్ నోల్టే 1979లో ఇచ్చిన కాల కొలమానం ఇది. షట్-ఇన్ సమయాన్ని పంపు సమయంతో పోల్చి, ఇంకుడు సాధారణంగా ఉంటే ప్రెషర్ సరళరేఖలో పడేట్టు కాలాన్ని మలుస్తుంది. ప్రెషర్‌తో పాటు, జి విలువను, జి మీద తీసిన ప్రెషర్ డెరివేటివ్‌తో గుణించిన గీత కూడా గీస్తారు. మూలబిందువు నుంచి వచ్చే సరళరేఖను ఆ గీత వదిలి కిందికి వంగిన చోట పగులు మూసుకుంది.

రేఖకు పైన మూపులా లేస్తే క్లీట్లు తెరుచుకుని అదనంగా నీళ్ళు తాగాయి, బొగ్గులో తరచూ ఇదే. మూపు ముగిసిన చోటి ప్రెషర్ ఆ క్లీట్లు మూసుకున్నది. రేఖకు కింద బొజ్జలా వేలాడితే పగులు పై పొరలోకి ఎక్కి వెనక్కి తగ్గుతోంది, లేదా పక్క పగుళ్ళలో నిల్వ ఉన్న నీళ్ళు తిరిగి వస్తున్నాయి. గీత మూలబిందువు వైపు రాకుండా పైనే ఆగిపోతే పంపు ఆపినా పగులు కొన ఇంకా సాగుతోంది.

మూసుకున్న చోటి జి విలువను, అదే విలువకు రెండు కలిపిన మొత్తంతో భాగిస్తే ద్రవ సామర్థ్యం (పంపు ఆపినప్పుడు పగులులో మిగిలిన నీళ్ళ వాటా). జి 0.5 అయితే 20 శాతం, నీళ్ళు వెంటనే ఇంకాయి. జి 4 అయితే 67 శాతం.

ఇద్దరు ఇంజనీర్లు ఒకే గ్రాఫులో రెండు విలువలు చెప్పిన్రు. ఎవరిది నమ్మాలె?

ఇద్దరూ రెండు పద్ధతులు వాడి ఉంటారు. పై జవాబులో చెప్పిన, గీత సరళరేఖను వదిలే చోటు చూసే టాంజెంట్ పద్ధతి ఒకటి. రెండోది మార్క్ మెక్‌క్లూర్ బృందం ముందుకు తెచ్చిన కంప్లయన్స్ పద్ధతి: గరుకు గోడలు ఒకదానికొకటి తగిలిన క్షణంలో పగులు బిగుసుకుంటుంది కాబట్టి, జి మీద ప్రెషర్ డెరివేటివ్ కనిష్ఠం దాటి పైకి తిరిగిన చోటే చూసి, అక్కడి ప్రెషర్ నుంచి సుమారు 75 పీఎస్ఐ తీసేస్తారు. ఇందులో విలువ ఎక్కువగా వస్తుంది. షేల్‌లో తేడా పెద్దదే, ఇసుక బలం ఎంపికా, నెట్ ప్రెషరూ (పగులులో ప్రెషర్ మూసుకునే ప్రెషర్‌కన్నా ఎంత ఎక్కువో) దానితో మారిపోతాయి.

షేల్ డేటాలో ఆ మలుపు స్పష్టంగా ఉంటే మేము కంప్లయన్స్ విలువకే మొగ్గుతాం. బొగ్గులో ఇంకుడు వేగంగా ఉండి మలుపు కనబడకపోవచ్చు. అక్కడ రెండు మూడు సార్లు పంపి ఆపి, ప్రతిసారీ అదే విలువ వస్తుందా అని చూడటం ఏ గ్రాఫుకన్నా నమ్మకం. నివేదికలో పద్ధతి పేరు లేకుండా ఒక్క అంకె రాస్తే అది తప్పు నివేదిక.

లాగ్-లాగ్ గ్రాఫులో వాలు ఒకరు మైనస్ ఒకటి అంటరు, ఇంకొకరు సున్నా అంటరు?

ఇద్దరూ ఒకే రేడియల్ ప్రవాహం గురించి చెబుతున్నారు. షట్-ఇన్ సమయం మీద డెరివేటివ్ గీస్తే, పగులు మూసుకున్నాక లీనియర్ ప్రవాహానికి (పగులు గోడ నుంచి సూటిగా పారడానికి) వాలు మైనస్ అర, రేడియల్‌కు మైనస్ ఒకటి. సూపర్‌పొజిషన్ సమయం (పంపు సమయాన్ని కూడా లెక్కలో కలిపిన కాలం) వాడితే అవే ప్లస్ అర, సున్నా. సాఫ్ట్‌వేర్ ఏది వాడిందో మెనూలో చూడకుండా వాలు పేరు చెప్పొద్దు.

చేత్తో పారగమ్యత లెక్క కట్టొచ్చా?

కట్టొచ్చు, కట్టాలి కూడా. రేడియల్ ప్రవాహంలో ప్రెషర్‌ను కాలపు విలోమం మీద గీయండి. రేఖ కాలం అనంతమైన చోట తాకేది పొర ప్రెషర్. పారగమ్యత, పొర మందం, ఈ రెండింటి లబ్ధం కావాలంటే నీటి పరిమాణాన్ని స్నిగ్ధతతో గుణించి, వాలుకు 4π (నాలుగు పై) రెట్లతో భాగించాలి.

2 ఘనపు మీటర్ల నీళ్ళు, 45 డిగ్రీల దగ్గర స్నిగ్ధత 0.6 మిల్లీపాస్కల్ సెకను, వాలు 4.5 మెగాపాస్కల్ గంటలు, పొర 5 మీటర్లు అనుకోండి. వాలును గంటల నుంచి సెకన్లకు మార్చితే 1,620 కోట్ల పాస్కల్ సెకన్లు. భాగిస్తే, మందం తీసేస్తే, సుమారు 1.2 మిల్లీడార్సీ. గంటలను సెకన్లుగా మార్చడం మరిచితే జవాబు 3,600 రెట్లు ఎక్కువ వస్తుంది. బొగ్గులో 4,000 మిల్లీడార్సీ కనబడితే ముందు అక్కడే వెతకండి.

పొరలో అప్పటికే స్వేచ్ఛా గ్యాస్ ఉంటే వచ్చేది నీటికి మాత్రమే వర్తించే పారగమ్యత, రాతి అసలు విలువ దానికన్నా ఎక్కువ.

## ఫలితం చేతికొచ్చినంక

పొర ప్రెషర్ తెలిసింది. గ్యాస్ ఎప్పుడు వస్తదో చెప్పొచ్చా?

ఎంత నీటి మట్టం దించాలో చెప్పొచ్చు. లాంగ్‌ముయిర్ గరిష్ఠం (బొగ్గు పట్టుకోగల అత్యధిక గ్యాస్) టన్నుకు 15 ఘనపు మీటర్లు, లాంగ్‌ముయిర్ ప్రెషర్ (అందులో సగం పట్టుకునే ప్రెషర్) 4 మెగాపాస్కల్, కోర్‌లో (బావి నుంచి తీసిన బొగ్గు నమూనాలో) తేలిన గ్యాస్ 4 ఘనపు మీటర్లు అనుకుంటే, గ్యాస్ విడివడే ప్రెషర్ 4ను 4తో గుణించి 11తో భాగిస్తే 1.45 మెగాపాస్కల్. పొర ప్రెషర్ 5.2 అయితే 3.75 దించాలి, అంటే సుమారు 380 మీటర్ల నీటి స్తంభం. ఎన్ని నెలలన్నది పారగమ్యత, పక్క నుంచి వచ్చే నీళ్ళ మీద ఉంటుంది. ఒక నదీ తీర ఇసుకరాయితో పొర కలిసి ఉంటే తోడుతూనే ఉండాలి.

పక్క బావి టెస్ట్ విలువలు నా బావికి వాడుకోవచ్చా?

ఒకే బ్లాకులో, అదే పొరలో, మధ్యలో ఫాల్టు లేకుంటే మొదటి అంచనాకు వాడుకోండి. ప్రాణహిత గోదావరి లోయ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిన ఫాల్టుల లోయ. ఫాల్టుకు ఇటు ఉన్న ప్రెషర్, ఒత్తిడి అటు ఉంటాయన్న నమ్మకం లేదు. లాంగ్‌వాల్ ప్యానెల్ (పొడవైన బొగ్గు గోడను యంత్రంతో కోసే గని భాగం) దగ్గరలో ఉంటే ఇంకా జాగ్రత్త: పైకప్పు కూలిన చోట రాతి ఒత్తిడి విడిపోయి పారగమ్యత పెరుగుతుంది, ప్యానెల్ అంచుల్లో ఒత్తిడి పేరుకుపోతుంది. తవ్వకానికి ముందు తీసిన మూసివేత ప్రెషర్ తవ్వకం తర్వాత చెల్లదు. అలాంటి చోట పగులు గని వైపు తెరుచుకునే ప్రమాదం కూడా ఉంది కాబట్టి, గని సర్వే ప్లాన్ పక్కన పెట్టుకుని దూరం కొలవకుండా పంపు స్టార్ట్ చేయొద్దు.